పిట్యూటరీ ఆపరేషన్‌కి మత్తు: ట్యూబ్ వేసే ముందు నుంచి వారం తర్వాతి సోడియం దాకా

(జూనియర్ డాక్టర్లకు, థియేటర్, ఐసీయూ సిబ్బందికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పీజీలతో పాటు థియేటర్ సిస్టర్లు, టెక్నీషియన్లు, ఐసీయూ వాళ్ళు కూడా వచ్చారు, చాలా సంతోషం, ఎందుకంటే ఈ కేసు ఒక్క మత్తు డాక్టరు చేతిలో ఉండేది కాదు. మధ్యలో ఎప్పుడు డౌట్ వచ్చినా ఆపి అడగండి.

ఓటీ లిస్టులో ట్రాన్స్‌స్ఫినాయిడల్, అంటే ముక్కు దారిలో పిట్యూటరీ గ్రంథిలోని ట్యూమర్ తీసే ఆపరేషన్, అని చూడగానే మనకి కాస్త ధీమా వచ్చేస్తుంది. పుర్రె తెరవడం లేదు, ముక్కులోంచి ఎండోస్కోప్ వెళ్తుంది, కొన్ని గంటల్లో అయిపోతుంది, రక్తం కూడా మామూలుగా పెద్దగా పోదు. నిజమే. కానీ ఈ ఆపరేషన్‌లో మనం జాగ్రత్తపడాల్సిన ప్రమాదం ఎక్కువగా మధ్యలో ఉండదు. ట్యూబ్ వేసేటప్పుడు ఉంటుంది, ట్యూబ్ తీసేటప్పుడు ఉంటుంది, ఆ తర్వాత వారం పది రోజుల దాకా నీళ్ళు, సోడియం రూపంలో వెంటాడుతుంది. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

ముందు ఆ గ్రంథి ఎక్కడుందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. బఠాణీ గింజంత ఉంటుంది, బరువు అర గ్రాము. స్ఫినాయిడ్ ఎముకలో చిన్న గుంట, దాన్ని సెల్లా అంటాం, అందులో కూర్చుని ఉంటుంది. పైన కంటి నరాలు కలిసే చోటు, ఆప్టిక్ కయాజ్మా. రెండు పక్కలా సిరల రక్తం నిండిన కావర్నస్ సైనస్, అందులోంచే ఇంటర్నల్ కెరోటిడ్ ధమని, కంటిని తిప్పే నరాలు వెళ్తాయి. కింద గాలి నిండిన స్ఫినాయిడ్ సైనస్, సర్జన్ వచ్చే దారి అదే. ముందు భాగం గ్రోత్ హార్మోన్, ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథి చేత కార్టిసాల్ చేయించేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపేది), ప్రొలాక్టిన్, ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ తయారు చేస్తుంది. వెనక భాగం వాసోప్రెసిన్‌నీ (మూత్రం ఎక్కువ పోకుండా నీటిని ఒంట్లో నిలిపేది) ఆక్సిటోసిన్‌నీ దాచుకుని వదులుతుంది. ఎడినోమా, అంటే ఈ గ్రంథిలో వచ్చే క్యాన్సర్ కాని ట్యూమర్, 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే మైక్రో, అంతకు మించితే మాక్రో. మనకి మాత్రం సైజు కంటే అది ఏ హార్మోన్ ఎక్కువ చేస్తోంది, ఏది ఎండగట్టింది అన్నదే ముఖ్యం. ఒకే ఆపరేషన్, ఒకే టేబుల్, కానీ గ్రోత్ హార్మోన్ పేషెంటు వేరు, కార్టిసాల్ పేషెంటు వేరు, హార్మోన్లన్నీ తగ్గిపోయిన పేషెంటు వేరు.

ఎక్రోమెగలీతో, అంటే గ్రోత్ హార్మోన్ ఎక్కువైన జబ్బుతో, మొదలుపెడతాను, మన వాళ్ళని ఎక్కువ కంగారు పెట్టేది అదే. మనిషిని చూడగానే తెలుస్తుంది: దవడ ముందుకొచ్చి ఉంటుంది, పెదాలు, ముక్కు లావు, చేతులు పెద్దవి. బయట కనపడే మార్పు ఇంత ఉంటే లోపల ఎంత ఉంటుందో ఊహించండి. నాలుక పెద్దది, గొంతులో మెత్తటి కండ అంతా దళసరి, ఎపిగ్లాటిస్ మందం, స్వరతంత్రుల కింద దారి సన్నబడి ఉండొచ్చు. గొంతు బొంగురు అయిందా అని తప్పకుండా అడగండి, అయితే స్వరపేటిక లోపలికి స్కోప్ పెట్టి చూపించుకోండి. ఇంకో మాట, నోరు తెరిపించి చూసే మాలంపాటి గ్రేడు 1, 2 అని రాసి ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి, నోరు తెరిస్తే అంతా బాగానే కనపడి లారింగోస్కోప్ పెట్టాక గ్లాటిస్ (స్వరతంత్రుల మధ్య దారి) కనపడని వాళ్ళు ఈ జబ్బులో ఉంటారు. వీడియో లారింగోస్కోప్ రెడీగా, పెద్ద బ్లేడు, ఊహించిన దానికంటే అర సైజు, ఒక సైజు చిన్న ట్యూబులు పక్కన, ట్యూబుకి దారి చూపే సన్నటి కడ్డీ, బూజీ, చేతికందేలా. మాస్క్ ముఖానికి సరిగ్గా కూర్చోదు కాబట్టి మాస్క్ పట్టడానికి రెండో మనిషి ముందే ఉండాలి, పిలిచాక వచ్చే మనిషి కాదు. శ్వాస శబ్దం వస్తోంది, గొంతు మారింది, స్కానులో దారి సన్నగా ఉందంటే మెలకువగా ఉండగానే ఫైబర్‌ఆప్టిక్ స్కోప్‌తో ట్యూబ్ వెయ్యడం మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు.

వీళ్ళలో నిద్రలో శ్వాస ఆగే జబ్బు, స్లీప్ ఎప్నియా, చాలా ఎక్కువ. గురక పెడతారా అని పేషెంటుని కాదు, పక్కన పడుకునే వాళ్ళని అడగండి. బీపీ, షుగర్, గుండె కండరం మందం కావడం మామూలే, ఎకో చూడకుండా కేసు తీసుకోవద్దు. కొన్ని చోట్ల ఆపరేషన్‌కి ముందు ఆక్ట్రియోటైడ్ లాంటి మందులు ఇస్తారు, దానివల్ల గొంతులో వాపు కొంత తగ్గొచ్చు, అయినా ఎయిర్‌వే ప్లాన్ మాత్రం మార్చకండి.

కుషింగ్, అంటే కార్టిసాల్ ఎక్కువైన, పేషెంటు దగ్గర సమస్య వేరు. ఇక్కడ గొంతు కంటే ఒళ్ళు జాగ్రత్త. చర్మం పల్చటి కాగితమైపోయి ఉంటుంది, కాన్యులా ప్లాస్టర్ పీకితే దాంతో పాటే ఊడి వస్తుంది, సిస్టర్లూ ఇది మీకోసమే చెబుతున్నాను. సిరలు దొరకవు, దొరికినా పగులుతాయి. ఎముకలు బోలు, అందుకని టేబుల్ మీదికి మార్చేటప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు, షీట్‌తో మార్చండి, మోచేతుల కింద, మడమల కింద మెత్తలు పెట్టండి. పొటాషియం తక్కువ ఉందేమో చూడండి. షుగర్ చాలామందికి ఉంటుంది. అన్నిటికంటే తేలిగ్గా మర్చిపోయేది, వీళ్ళ రక్తం తొందరగా గడ్డ కడుతుంది. కాళ్ళ సిరల్లో గడ్డలు, ఊపిరితిత్తులకి గడ్డలు ఆపరేషన్ తర్వాత వారాల దాకా రావచ్చు. కాబట్టి థియేటర్‌లోనే కాళ్ళకి కంప్రెషన్ పెట్టి, రక్తం పలచబడే ఇంజక్షన్ ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌తో కేసు అయ్యేలోపే తేల్చుకోండి.

మూడో రకం, ఏ హార్మోనూ ఎక్కువ చెయ్యని పెద్ద ట్యూమర్. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, తలనొప్పి, నీరసం. వీళ్ళు చూడటానికి మామూలుగా ఉంటారు, అదే ఇబ్బంది, ఎందుకంటే నొక్కుకుపోయిన గ్రంథి కార్టిసాల్, థైరాయిడ్ రెండూ సరిగా ఇవ్వకపోవచ్చు. రెండూ తక్కువున్న పేషెంటుకి ముందు స్టెరాయిడ్, తర్వాతే థైరాక్సిన్. ఈ వరస తిరగబడితే అడ్రినల్ సంక్షోభంలోకి, అంటే కార్టిసాల్ చాలక బీపీ పడిపోయే స్థితిలోకి, పోవచ్చు. ఆపరేషన్ రోజు ఇండక్షన్‌లో (మత్తు మొదలుపెట్టేటప్పుడు) హైడ్రోకార్టిజోన్ 100 మిల్లీగ్రాములు ఇవ్వడం చాలా చోట్ల అలవాటు. ఉదయం కార్టిసాల్ బాగున్న వాళ్ళకి ఇవ్వకుండా, ఆపరేషన్ తర్వాత రక్తంలో కొలిచి అవసరమైతేనే ఇచ్చే యూనిట్లూ ఉన్నాయి. మీ యూనిట్ పద్ధతి ఏదైనా సరే, ఎండోక్రైన్ డాక్టరుతో ముందు రోజే మాట్లాడి కేసు షీటులో రాసుకోండి, టేబుల్ దగ్గర వాదన వద్దు. హెర్మన్ ష్లోఫర్ 1907లో ఇన్స్‌బ్రుక్‌లో ముక్కు దారిలో మొదటిసారి ఈ ట్యూమర్ తీశాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళ పాటు, 1940ల చివర్లో కార్టిజోన్ చేతికొచ్చే దాకా, చేతి పని ఎంత బాగా జరిగినా కార్టిసాల్ లోటుని సరిగ్గా తీర్చే మందు ఎవరి దగ్గరా లేదు. మనకి ఇప్పుడు అది ట్రాలీలో ఉంది.

ప్రొలాక్టిన్ ట్యూమర్లు ఎక్కువగా కాబర్‌గోలిన్ లాంటి మాత్రలతోనే తగ్గుతాయి, మన దాకా కొన్నే వస్తాయి. టీఎస్‌హెచ్ ట్యూమర్లు చాలా అరుదు, వస్తే ముందు థైరాయిడ్‌ని అదుపులోకి తెచ్చాకే. ఇక ఎమర్జెన్సీగా వచ్చేది పిట్యూటరీ అపోప్లెక్సీ, అంటే ట్యూమర్‌లో రక్తస్రావం కావడం లేదా దానికి రక్తం అందకపోవడం: ఉన్నట్టుండి భయంకరమైన తలనొప్పి, వాంతులు, చూపు పోవడం, కనుగుడ్డు తిరగకపోవడం. ఇందులో స్కాన్ రిపోర్టు కోసం కూర్చోకుండా బ్లడ్ శాంపిల్ తీసి వెంటనే స్టెరాయిడ్ ఇచ్చెయ్యాలి.

ముందు రోజు పేషెంటుతో మాట్లాడేటప్పుడు ఒక్క పని మర్చిపోవద్దు. లేచేసరికి ముక్కు రెండు వైపులా మూసేసి ఉంటుందని చెప్పండి. చెప్పడమే కాదు, ముక్కు వేళ్ళతో మూసి నోటితో గాలి పీల్చమనండి, రెండు నిమిషాలు చేయించండి. ఇది చేయించని పేషెంటు కళ్ళు తెరవగానే ఊపిరాడట్లేదనుకుని పెనుగులాడతాడు, అప్పుడు బీపీ పెరుగుతుంది, దగ్గు వస్తుంది, మనం జాగ్రత్తగా చేసిందంతా వృథా.

సరే, థియేటర్‌లోకి వద్దాం. ట్యూబ్ నోట్లోనే, కిందికి వంగి ఉండే రే ట్యూబ్ గానీ, వైరు ఉన్న ట్యూబ్ గానీ, సర్జన్ నిలబడే వైపుకి ఎదురుగా ఎడమ మూలకి కట్టండి. తర్వాత తల మన చేతికి అందదు కాబట్టి కనెక్షన్లన్నీ బిగించి చూసుకోండి. కళ్ళు మూసి కప్పండి, కానీ సర్జన్ కన్ను చూస్తానంటే తీసేలా ఉండాలి. గొంతులో గాజ్ గుడ్డ ప్యాక్ పెట్టాలా వద్దా అన్నదాని మీద ఇప్పుడు అభిప్రాయ భేదాలున్నాయి, అన్ని కేసుల్లోనూ అవసరం లేదనే వాళ్ళు పెరుగుతున్నారు. పెడితే మాత్రం తెల్లబోర్డు మీద పెద్దక్షరాలతో రాయాలి, సిస్టర్ కౌంట్‌లో చేర్చాలి, కొస నోటి బయట కనపడాలి. తియ్యడం మర్చిపోతే ట్యూబ్ తీసిన మరుక్షణం పేషెంటు దారి మూసుకుపోతుంది.

కత్తి పెట్టకముందే ఒక బీపీ గండం ఉంది. ముక్కులో రక్తనాళాలు ముడుచుకోవడానికి సర్జన్ అడ్రినలిన్‌లో తడిపిన చిన్న పాటీలు (దూది పట్టీలు) పెడతారు, ఇంజక్షన్ కూడా ఇస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో మానిటర్‌లో బీపీ ఎగబాకుతుంది, ఒక్కోసారి 200 దాటుతుంది. మన చెయ్యి వెంటనే బీటా బ్లాకర్ వైపు వెళ్తుంది. ఆగండి. నాళాలు బిగుసుకుని ఉన్నప్పుడు గుండె బలం తగ్గించేస్తే ఆ ఒత్తిడికి ఎదురు తోయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరి, గుండె ఆగిపోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. ముందు సర్జన్‌ని పాటీలు తియ్యమనండి, మత్తు లోతు పెంచండి, ప్రొపొఫాల్ కొంచెం, రెమిఫెంటానిల్ కొంచెం. చాలాసార్లు కొన్ని నిమిషాల్లో దానంతటదే దిగుతుంది. దిగకపోతే నైట్రోగ్లిజరిన్ లాంటి నాళాలు వదులు చేసే మందు ఇవ్వండి. ఎక్రోమెగలీ గుండెకి, ముసలివాళ్ళకి ఎంత డోసు అడ్రినలిన్ వాడతారో ముందే మాట్లాడుకోండి.

మధ్యలో మన పని సర్జన్‌కి పొడి ఫీల్డు ఇవ్వడం. ఎండోస్కోప్ కొసకి ఒక చుక్క రక్తం అంటినా తెర అంతా ఎర్రబడుతుంది. తల 15 నుంచి 30 డిగ్రీలు ఎత్తు, గుండె వేగం నిలకడగా, సగటు బీపీ 65, 70 దగ్గర, అదీ పేషెంటు మామూలు బీపీని బట్టి. ఫీల్డు కోసం బీపీని మరీ కిందికి తోసెయ్యకండి, చూపు నరం ఇప్పటికే నలిగి ఉంది, దానికి రక్తం అందాలి. ప్రొపొఫాల్, రెమిఫెంటానిల్‌తో పూర్తి ఐవీ మత్తు నాకు ఇష్టం, లేచేటప్పుడు కూడా నెమ్మదిగా ఉంటుంది. సెవోఫ్లూరేన్‌తో బాగా చేసే వాళ్ళూ ఉన్నారు, చెయ్యి తిరిగిన పద్ధతి వాడండి. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బ్రెయిన్ ట్యూమర్ అలవాటులో తగ్గించెయ్యకండి. మెదడు కుంచించుకుంటే పైకి పాకిన ట్యూమర్ ఇంకా పైకి పోతుంది, మనకి అది కిందికి, సెల్లాలోకి దిగాలి. మామూలు స్థాయిలో ఉంచండి. సర్జన్ అడిగితే వాల్సాల్వా ఇచ్చి, అంటే ఊపిరితిత్తుల్లో గాలి ఒత్తిడి పెంచి, కాసేపు ఊపిరి పట్టి ఉంచితే పై భాగం కిందికి జారుతుంది. చివర్లో అదే వాల్సాల్వాతో నీళ్ళు, అంటే మెదడు చుట్టూ ఉండే సీఎస్ఎఫ్, కారుతున్నాయా అని కూడా చూస్తారు.

ఉన్నట్టుండి గుండె వేగం 40కి పడిపోతే అట్రోపిన్ వెతికే ముందు సర్జన్‌ని చెయ్యి ఆపమనండి, ట్రైజెమినల్ నరం లాగినప్పుడు అలా అవుతుంది, ఆపగానే చాలావరకు తిరిగొస్తుంది. కెరోటిడ్‌కి గాయం చాలా అరుదు, కానీ అయితే తెర మీద ఏమీ కనపడదు, రక్తమే. అందుకే ఎంత చిన్న ట్యూమరైనా రెండు పెద్ద కాన్యులాలు, రక్తం గ్రూపు చూసి సిద్ధంగా ఉండాలి. ఆ సమయంలో సర్జన్ గట్టిగా ప్యాక్ చేస్తారు, మనం బీపీని నిలబెట్టి రక్తం ఎక్కిస్తూ పేషెంటుని యాంజియోగ్రఫీకి తీసుకెళ్ళే ఏర్పాటు చూడాలి.

ఇప్పుడు అసలు భాగం, ట్యూబ్ తియ్యడం. దీనికి తొందర వద్దు. కేసు మొత్తంలో మన నైపుణ్యం కనపడేది ఇక్కడే. పరిస్థితి ఏంటంటే, పుర్రె అడుగున రంధ్రం ఉంది, దాన్ని కొవ్వుతోనో ముక్కు లోపలి పొరతోనో మూశారు. ముక్కు మూసి ఉంది. గొంతులో రక్తం ఉంది. పేషెంటు దగ్గితే, ముక్కితే ఆ మూత కదులుతుంది. మాస్క్‌తో గాలి కొడితే ఆ గాలి మెదడు చుట్టూ చేరొచ్చు. కాబట్టి మనకి కావాల్సింది దగ్గకుండా లేచే మనిషి, అదే సమయంలో తన గొంతు తాను కాపాడుకునేంత పూర్తి మెలకువ. రెండూ ఒకేసారి కావాలి.

నేను చేసే వరస చెబుతాను. సర్జన్ ముక్కు ప్యాక్ పెడుతుండగానే కడుపులో రక్తం నోటి గొట్టంతో పీల్చేస్తాను, ఆ రక్తమే తర్వాత వాంతి తెప్పించేది. లారింగోస్కోప్ పెట్టి కళ్ళతో చూస్తూ గొంతు శుభ్రం చేస్తాను. గుడ్డిగా సక్షన్ గొట్టం తోస్తే మెత్తటి అంగిలి వెనక పైకి దాక్కున్న రక్తపు గడ్డ అలాగే ఉండిపోతుంది, ట్యూబ్ తీశాక జారి శ్వాసనాళంలో పడుతుంది, దాన్ని చూసి తియ్యాలి. గొంతు ప్యాక్ ఉంటే తీసి, తీశామని నోటితో చెప్పి, బోర్డు మీద కొట్టేయిస్తాను. కండరాల మందు ప్రభావం పూర్తిగా పోయిందని మిషన్‌తో కొలిచి చూస్తాను, అంచనాతో కాదు. రెమిఫెంటానిల్ ఆపెయ్యకుండా అతి తక్కువగా నడుపుతూ మిగతా మత్తు ఆపుతాను. మంచం తల ఎత్తుతాను. ఇక అప్పటి నుంచి పేషెంటుని ఎవరూ కదపకూడదు, చెంప తట్టకూడదు, లేవండి లేవండి అని గట్టిగా అరవకూడదు. పేరు పెట్టి మెల్లగా పిలిస్తే కళ్ళు తెరుస్తాడు. నోరు తెరవమంటే తెరుస్తాడు. ఊపిరి బాగా తీస్తున్నాడు. అప్పుడు ట్యూబ్. ముఖానికి ఆక్సిజన్ మాస్క్ ఊరికే ఆనించి పెట్టడమే, గాలి కొట్టడం ఉండదు.

ఇందులో ఇబ్బంది పెట్టేది స్లీప్ ఎప్నియా ఉన్న ఎక్రోమెగలీ మనిషే. ఇంట్లో సీపాప్ మిషన్ (నిద్రలో ఒత్తిడితో గాలి పంపేది) వాడే మనిషి, ఇప్పుడు అది పెట్టలేం, ఆ గాలి కూడా మెదడు చుట్టూ చేరొచ్చు. అందుకే నల్లమందు జాతి మందులు బాగా తగ్గించి, పారసెటమాల్, స్థానిక మత్తు మీద ఆధారపడి, కూర్చోబెట్టినట్టు పడుకోబెట్టి, రాత్రంతా మానిటర్ ఉన్న చోట ఉంచాలి. దారి మూసుకుంటుంటే నోటి ఎయిర్‌వే పెట్టండి, మళ్ళీ ట్యూబ్ అవసరమైతే వెయ్యండి. ముక్కులోంచి మాత్రం ఏ గొట్టమూ వద్దు, ఎయిర్‌వే కాదు, కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్ కాదు, సక్షన్ కాదు. అడుగు తెరిచి ఉన్న పుర్రెలోకి అది నేరుగా వెళ్ళగలదు. రాత్రి డ్యూటీ మారేటప్పుడు ఈ ఒక్క మాట తప్పకుండా అందించండి, మంచం తలవైపు బోర్డు కట్టినా మంచిదే.

ఐసీయూలో మొదట చూడాల్సింది చూపు. వేళ్ళు చూపించి లెక్కపెట్టమనండి, ఒక్కో కన్నూ విడిగా, గంట గంటకీ. నిన్న కనపడిన కన్ను ఇవాళ మసకబారితే లోపల రక్తం గడ్డకట్టి నరాన్ని నొక్కుతోందేమో, వెంటనే సర్జన్‌కి ఫోన్.

తర్వాత మూత్రం. వాసోప్రెసిన్ తగ్గితే మూత్రం ఆగదు, సాధారణంగా మొదటి రోజు, రెండో రోజు మొదలవుతుంది. దీన్ని డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు, పేరులో డయాబెటిస్ ఉన్నా షుగర్ జబ్బుతో దీనికి సంబంధం లేదు. గంటకి 250, 300 మిల్లీలీటర్ల చొప్పున వరసగా రెండు మూడు గంటలు వస్తే, నీళ్ళలా తెల్లగా ఉంటే, స్పెసిఫిక్ గ్రావిటీ 1.005 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. రక్తంలో సోడియం లీటరుకి 145 మిల్లీమోల్స్ దాటుతుంటే అది ఇంచుమించు తేలినట్టే. కానీ యూరిన్ బ్యాగు నిండగానే వాసోప్రెసిన్ పని చేసే మందు, డెస్మోప్రెసిన్, ఇచ్చెయ్యకండి. థియేటర్‌లో మనమే ఎక్కువ సెలైన్ పెట్టామా? మానిటాల్ ఇచ్చామా? స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగి మూత్రం పోతోందా? ఎక్రోమెగలీ పేషెంటు అయితే గ్రోత్ హార్మోన్ పడిపోగానే ఒంట్లో పేరుకున్న నీరంతా మూత్రంగా దిగుతుంది, అది మంచికే, సోడియం మామూలుగానే ఉంటుంది. ఇవన్నీ చూశాకే డెస్మోప్రెసిన్, చిన్న డోసు, ఇంజక్షన్ అయితే 1 మైక్రోగ్రాము, రెండోది మళ్ళీ మూత్రం పెరిగితేనే.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అవ్వలేదు. నాలుగో రోజు నుంచి పదో రోజు లోపు, ఎక్కువగా వారం దగ్గర, దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. దెబ్బతిన్న నరాల కొసల నుంచి దాచుకున్న వాసోప్రెసిన్ అంతా ఒక్కసారి కారిపోతుంది, నీరు ఒంట్లో నిలిచిపోతుంది, సోడియం పడిపోతుంది. అప్పటికి పేషెంటు ఇంట్లో ఉంటాడు. తలనొప్పి, వికారం, చిరాకు, మందకొడితనం, ఆపరేషన్ తర్వాత నీరసంలే అని ఇంట్లో వాళ్ళు సరిపెట్టుకుంటారు, ఫిట్స్ వచ్చాక తీసుకొస్తారు. డిశ్చార్జి కాగితంలో ఏడో రోజు సోడియం టెస్టు తేదీతో సహా రాసి ఉండాలి, కింద ఫోన్ నంబర్ ఉండాలి. పడిపోయిన సోడియాన్ని సరిచేసేటప్పుడు 24 గంటల్లో 8, 10 మిల్లీమోల్స్ కంటే ఎక్కువ పెంచొద్దు, వేగంగా పెంచితే మెదడు కాండానికి దెబ్బ.

ఏమన్నా అడుగుతారా? ఆ అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా.

వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇవ్వొచ్చా అంటోంది. మంచి ప్రశ్న. కుషింగ్ పేషెంటుకి ఆపరేషన్ తర్వాత కార్టిసాల్ కొలుస్తారు, అది డెసిలీటరుకి 5 మైక్రోగ్రాముల కంటే, ఇంకా నయం 2 కంటే కిందికి పడితే ట్యూమర్ మొత్తం బయటికి వచ్చేసిందని సూచన. డెక్సామెథసోన్ ఇస్తే ఆ పరీక్ష తారుమారవుతుంది. వాళ్ళకి ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి వాడండి, మిగతా వాళ్ళ విషయంలో ఎండోక్రైన్ వాళ్ళని అడిగి ఇవ్వండి. అన్నట్టు ఆ కార్టిసాల్ పడిపోవడం శుభవార్తే కానీ, అదే రోజు పేషెంటు బీపీ పడి వాంతులతో కూలబడొచ్చు, శాంపిల్ తియ్యగానే హైడ్రోకార్టిజోన్ మొదలవ్వాలి.

ఇంకో ప్రశ్న, ఎక్రోమెగలీలో రేడియల్ ఆర్టీరియల్ లైన్ (బీపీ చూడటానికి మణికట్టు ధమనిలో పెట్టే గొట్టం) వెయ్యొచ్చా అని. మణికట్టు దగ్గర కండ దళసరై అల్నార్ (చేతికి రక్తమిచ్చే రెండో ధమని) రక్తప్రసారం తగ్గి ఉండొచ్చు, అందుకని కొందరు వద్దంటారు. అవసరమైతే వెయ్యండి, వేళ్ళ రంగు కనపడేలా చెయ్యి బయటే ఉంచండి, లేదా పాదం దగ్గర చూడండి.

వెనక సిస్టర్ అడుగుతున్నారు: రాత్రిపూట పేషెంటు పదే పదే నీళ్ళు అడుగుతుంటే ఇవ్వొచ్చా అని. పూర్తి మెలకువలో ఉండి, మింగగలుగుతుంటే ఇవ్వండి సిస్టర్, మొదటి రెండు రోజుల్లో అయితే ఆపొద్దు. మూత్రంగా పోయిన నీటికి దాహమే వాళ్ళ రక్షణ, తాగనిస్తే చాలామందికి సోడియం పెరగకుండా అదే సరిపోతుంది. స్ట్రా మాత్రం వద్దు, పీల్చినప్పుడు ముక్కు వెనక ఒత్తిడి మారుతుంది, గ్లాసుతోనే. తాగిన ప్రతి గ్లాసూ చార్టులో రాయండి, గంటకోసారి మూత్రం కొలత పక్కనే రాయండి. రెండు గంటలు వరసగా 250 దాటితే పొద్దున దాకా ఆగకుండా డ్యూటీ డాక్టరుని లేపండి. మత్తుగా ఉండి దాహం చెప్పలేని పేషెంటు అయితే నీళ్ళు అడగడు కాబట్టి అక్కడ ఇంకా త్వరగా లేపండి.